హోంగార్డులను ఉద్యోగులుగా గుర్తించండి, స్వచ్ఛంద దళాన్ని విడిగా కట్టండి

సంపాదకుల వారికి,

ఏటా డిసెంబరు 6న జిల్లా కేంద్రాల్లో హోంగార్డుల ఆవిర్భావ దినోత్సవం జరుపుతారు. పోలీసు మైదానంలో పరేడ్, ఎస్పీ గారి ప్రసంగం, బాగా పనిచేసినవాళ్లకు ప్రశంసాపత్రాలు, మర్నాడు జిల్లా పేజీలో ఒక ఫొటో. అంతకుమించి ఆ వ్యవస్థ గురించి మనం మాట్లాడుకోం. కాలేజీలో పాఠాలు చెబుతూ ఎన్‌సీసీ బాధ్యతలు కూడా చూసినవాణ్ని. మా విద్యార్థుల్లో కొందరు హోంగార్డులయ్యారు. వాళ్లను చూసిన అనుభవంతో అడుగుతున్నాను. ఈ దళాన్ని మన రెండు రాష్ట్రాలు అసలు ఏ పని కోసం నడుపుతున్నాయి?

1946 డిసెంబరులో, మతకల్లోలాలు చెలరేగుతున్న రోజుల్లో, బొంబాయిలో పోలీసులకు తోడుగా పౌరులతో మొదటి దళాన్ని ఏర్పాటు చేశారు. 1962 చైనా యుద్ధం తర్వాత కేంద్రం సలహా మీద రాష్ట్రాలు తమ దగ్గరున్న స్వచ్ఛంద దళాలను కలిపి హోంగార్డులుగా ఒకే పద్ధతిలోకి తెచ్చాయి. ఆనాడు అనుకున్నది చాలా మంచి ఆలోచన. 18 నుంచి 50 ఏళ్ల లోపు డాక్టరు, ఇంజనీరు, లాయరు, రైతు, ఫ్యాక్టరీ కార్మికుడు, కాలేజీ విద్యార్థి ఎవరైనా చేరవచ్చు. తమ పని తాము చేసుకుంటూనే ఖాళీ సమయంలో శిక్షణ పొందాలి. తుపాను, అగ్నిప్రమాదం, భూకంపం, అంటురోగం, వైమానిక దాడి వంటివి వచ్చినప్పుడు ప్రభుత్వం పిలుస్తుంది. డ్యూటీ చేసినన్ని రోజులకు అలవెన్సు ఇస్తుంది. మూడు నుంచి ఐదేళ్లు చేసి మరొకరికి చోటివ్వాలి. దేశం మొత్తానికి మంజూరైన సంఖ్య 5,73,793.

ఇప్పుడు మన ఊళ్లో చూడండి. ట్రాఫిక్ కూడలిలో ఎండకు నిలబడేది హోంగార్డు. స్టేషన్‌లో రాత్రి డ్యూటీ చేసేది, జీపు నడిపేది హోంగార్డు. వినాయక నిమజ్జనానికి, మేడారం జాతరకు, ఎన్నికలకు బందోబస్తు అంటే ముందు లెక్కేసేది వాళ్లనే. ఇతర శాఖలు అడిగితే అక్కడికీ పంపిస్తారు. కొందరు అధికారుల ఇళ్లలో పనులకు కూడా వాడుకుంటున్నారన్న ఫిర్యాదు పాతదే. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నవాళ్లు, ఇందులోనే తల నెరిసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లకు వేరే వృత్తి లేదు. ఉండడానికి టైమూ లేదు. ఖాళీ సమయంలో సేవ చేసే డాక్టరు, ఇంజనీరు ఈ దళంలో ఎక్కడా కనిపించరు.

వాళ్ల చేత పూర్తికాలం పని చేయించుకుంటూ, పింఛను గురించి అడిగితే మాత్రం మీరు స్వచ్ఛంద సేవకులు కదా అంటున్నారు. ఇది అన్యాయం. ఈ మాట అనడానికి నాకు ఏ సంకోచమూ లేదు.

సుప్రీంకోర్టు దగ్గరకు ఈ విషయం వెళ్లింది. హిమాచల్ ప్రదేశ్ హోంగార్డుల కేసులో 2015 మార్చిలో తీర్పు వచ్చింది. రెగ్యులరైజ్ చేయాలన్న కోరికను కోర్టు ఒప్పుకోలేదు. కానీ నెలలో 30 రోజుల డ్యూటీ అలవెన్సు కలిపితే ఆ రాష్ట్రంలో పోలీసులకు దక్కే కనీస వేతనంతో సమానం కావాలని చెప్పింది. తెలంగాణ 2017 డిసెంబరులో నెలకు 12,000 రూపాయలను 20,000కు పెంచింది. 2025 జనవరి నుంచి రోజు అలవెన్సు 921 నుంచి 1,000 రూపాయలైంది. ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరులో 600 నుంచి 710కి పెంచింది, అంటే నెలకు 21,300. పెంచిన ప్రతిసారీ సంతోషించాం. అయితే ఇవన్నీ ముఖ్యమంత్రులు దయతలచి ప్రకటించినవిగానే ఉండిపోయాయి. కానిస్టేబుల్ జీతం పీఆర్సీతో దానంతటదే మారుతుంది. హోంగార్డు మాత్రం మళ్లీ వినతిపత్రం పట్టుకుని తిరగాలి. తీర్పు చెప్పిన కొలత ప్రకారం అలవెన్సును కానిస్టేబుల్ కనీస వేతనానికి ముడిపెడుతూ ఒక్క జీవో ఇస్తే ఈ తిరుగుడు ఆగిపోతుంది.

పర్మినెంట్ చేస్తే ఖజానా మీద భారం పడుతుందని అధికారులు అంటారు. నిజమే, పడుతుంది. కానీ ఆ పని ఎలాగూ జరగాల్సిందే, ఎవరో ఒకరు చేయాల్సిందే. ట్రాఫిక్ కూడలి ఏడాది పొడవునా ఉంటుంది. ఏడాది పొడవునా ఉండే పనికి రోజుకూలీ లెక్కన మనిషిని పెట్టడం పొదుపు అనిపించుకోదు. అందరినీ ఒకేసారి తీసుకోలేకపోతే సర్వీసును బట్టి విడతలవారీగా తీసుకోండి. కానిస్టేబుల్ నియామకాల్లో హోంగార్డులకు కోటా ఉంది. కానీ వయసు మీరినవాళ్లకు, పరుగు పరీక్షలో ఆగిపోయేవాళ్లకు అది అక్కరకు రాదు. వాళ్ల కోసం పోలీసు సహాయక కేడర్ ఒకటి పెట్టి వేతన స్కేలు, వైద్యం, పింఛను ఇవ్వాలి.

హోంగార్డుల బాధ ఇలా ఉండగా, వాళ్లను పూర్తికాలం పోలీసు పనికి వాడుకోవడం వల్ల మనకూ ఒక నష్టం జరిగింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆపద వస్తే ఊళ్లోంచి లేచి వచ్చే శిక్షణ ఉన్న పౌరుల దళం మనకు లేకుండా పోయింది.

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. గంటలు గడిచినా సాయం అందలేదు. చివరికి హరియాణా నుంచి పనికి వచ్చిన ఒక జేసీబీ ఆపరేటర్ తన ప్రాణాన్ని లెక్కచేయకుండా వరదలోకి బండి నడిపి వాళ్లను తీసుకొచ్చాడు. ఆ మనిషికి చేతులెత్తి దండం పెడతాను. కానీ అది వ్యవస్థ చేయాల్సిన పని. అదే రోజుల్లో విజయవాడలో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. పాలకు, నీళ్లకు జనం మేడల మీద ఎదురుచూశారు. ఏ సందులో బాలింత ఉంది, ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలాయన ఉన్నాడు అన్నది బయటి నుంచి వచ్చిన ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందానికి ఎలా తెలుస్తుంది? ఆ వీధి మనిషికి తెలుస్తుంది. అతనికి లైఫ్ జాకెట్, తాడు, వాకీటాకీ, కాస్త శిక్షణ ఉంటే చాలు, బయటి బృందం చేసే పని రెట్టింపవుతుంది.

2025 మే 7న దేశవ్యాప్తంగా సివిల్ డిఫెన్స్ (పౌర రక్షణ) మాక్ డ్రిల్ జరిగింది. హైదరాబాద్‌లో, విశాఖలో సైరన్లు మోగాయి. ఆ రోజు మా కాలనీలో అందరూ టెన్షన్‌గా ఫోన్లు చూసుకున్నారే గానీ, సైరన్ మోగితే ఏం చేయాలో, ఎవరి మాట వినాలో ఒక్కరికీ తెలియదు. సివిల్ డిఫెన్స్ చట్టం 1968 నాటిది. ప్రకృతి విపత్తుల్లో కూడా దాన్ని వాడుకునేలా 2009లో సవరించారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆపద మిత్ర పథకం కింద 350 జిల్లాల్లో లక్ష మందికి 12 రోజుల శిక్షణ ఇవ్వాలని పెట్టుకుంది. కాబట్టి చట్టం లేదనీ, పథకం లేదనీ అనడానికి వీల్లేదు. శిక్షణ పూర్తయ్యాక ఆ మనిషి ఎవరి కింద పనిచేస్తాడు, ఎవరు పిలిస్తే రావాలి, మళ్లీ ఎప్పుడు ప్రాక్టీసు చేయాలి అన్న దగ్గరే అంతా తెగిపోతోంది.

కేరళ ఈ లోపాన్ని గుర్తించింది. 2018 వరదల్లో అక్కడి మత్స్యకారులు తమ పడవలు లారీల్లో వేసుకొచ్చి జనాన్ని కాపాడారు. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం అగ్నిమాపక శాఖ కింద సివిల్ డిఫెన్స్ దళాన్ని మంజూరు చేసింది. ఒక్కో ఫైర్ స్టేషన్‌కు 50 మంది చొప్పున 124 స్టేషన్లకు 6,200 మంది. నాకు ఇందులో నచ్చింది ఆ ఫైర్ స్టేషన్ ముడి. వాలంటీరుకు ఒక చిరునామా, ఒక అధికారి, చేతికి అందే పరికరాలు ఉంటాయి.

మన పిల్లలు ఎందరో స్థిరపడిన టెక్సాస్‌లో టెక్సాస్ స్టేట్ గార్డ్ ఉంది. 1941లో, అమెరికాలో రాష్ట్రాల దగ్గరుండే సైనిక దళమైన నేషనల్ గార్డ్ కేంద్రం పిలుపు మీద యుద్ధ సన్నాహాలకు వెళ్లిపోతే, రాష్ట్రంలో మిగిలిన పనులకు దాన్ని ఏర్పాటు చేశారు. అది గవర్నరు ఆదేశాల మీదే పనిచేస్తుంది. నేషనల్ గార్డ్‌ను పిలిచినట్టు కేంద్రం దాన్ని పిలవలేదు. 2017లో హార్వే తుపాను వచ్చినప్పుడు ఆ దళం సహాయక చర్యల్లో దిగింది. ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకునేవాళ్లే అందులో చేరతారు. వాళ్ల సైనిక హోదాలు, యూనిఫాం మనకు అవసరమని నేను అనను. అలాంటి దళాన్ని పాలకుడి సొంత సేనగా మార్చుకునే ప్రమాదం ఎక్కడైనా ఉంటుంది. మనకు కావాల్సింది లాఠీ లేని దళం.

నేను చెబుతున్నది ఆంధ్రప్రదేశ్‌లో గతంలో ఇంటింటికీ పింఛన్లు పంచిన వాలంటీర్ల గురించి కాదని కూడా స్పష్టం చేయాలి. ఎంపిక ఎమ్మెల్యే సిఫారసు మీద జరిగితే ఈ దళం మొదటి ఎన్నికలకే పాడైపోతుంది. ఎంపిక అగ్నిమాపక శాఖ చేతుల్లో, కలెక్టరు పర్యవేక్షణలో ఉండాలి. చేరినవాళ్లు పార్టీ పదవుల్లో ఉండకూడదు. మనుషులకు కొరత లేదు. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని ఏ పనికీ పిలుపు లేని యువత మండలానికి ఎందరో ఉన్నారు. రిటైరైన జవాన్లు ఉన్నారు. కరెంటు లైన్‌మెన్, నర్సులు, గజ ఈతగాళ్లు, గోదావరి పడవ నడిపేవాళ్లు, ట్రాక్టరు, జేసీబీ డ్రైవర్లు ఉన్నారు. ఎవరి దగ్గర ఏ నైపుణ్యం ఉందో, ఏ బండి ఉందో రాసిపెట్టిన జాబితా ఫైర్ స్టేషన్‌లో ఉంటే సగం సమయం మిగులుతుంది. ఆడవాళ్లను తప్పకుండా తీసుకోవాలి. పునరావాస శిబిరాల్లో వాళ్ల అవసరం మగవాళ్ల కంటే ఎక్కువ.

వానాకాలానికి ముందు, మళ్లీ అక్టోబరు తుపాన్లకు ముందు రిహార్సల్ జరగాలి. పిలిచిన రోజుకు కూలి నష్టపోకుండా అలవెన్సు ఇవ్వాలి. ప్రైవేటు ఉద్యోగి అయితే ఆ రోజులకు యజమాని జీతంలో కోత పెట్టకుండా ఉత్తర్వు కావాలి. అన్నిటికంటే ముందు బీమా. ప్రాణానికి తెగించి నీళ్లలోకి దిగే మనిషి ఇంట్లో భార్యకు ఏ హామీ లేకుండా దిగమని అడిగే హక్కు ప్రభుత్వానికి లేదు. ఆ పాలసీ కాగితం చేతికి ఇచ్చాకే దళంలో పేరు రాసుకోవాలి.

ఇట్లు,
విశ్రాంత అధ్యాపకుడు, ఖమ్మం