చెరువు నిండిందో లేదో ముందు కనుక్కో

రఘూ,

సంక్రాంతి దాటాక రెండ్రోజులు సెలవు పెట్టి పిల్లలకి పక్షుల్ని చూపించాలని ఉందని రాశావు. నేలపట్టు పక్షుల చెరువు, పులికాట్ సరస్సు పెట్టుకో, ఇంకో ఆలోచన వద్దు. అయితే టిక్కెట్లు కొనేముందు ఈసారి ఈశాన్య రుతుపవనాల వాన బాగా పడిందా, నేలపట్టు చెరువు నిండిందా కనుక్కో. మిగతావన్నీ దాని తర్వాతే.

గూడబాతులు, అంటే పెలికాన్లు, అక్కడ గూళ్లు పెట్టేది చెరువులోనే పెరిగిన నీటికడప చెట్ల మీద. చెట్ల మొదళ్లు నీళ్లలో ఉన్నంతకాలం నేలమీద తిరిగే జంతువేదీ గూటిదాకా రాలేదు. అక్టోబరు నుంచి దిగే పక్షులు ఆ నీళ్లు చూసుకునే గూడు మొదలుపెడతాయి. వాన తప్పిన ఏడు వచ్చేవి తక్కువ, వచ్చినవీ నిలవవు. పుల్లలు మోసుకొచ్చి గూడు అల్లడం చూడాలంటే నవంబరు మంచిది. నీకు కావలసింది గూళ్లలో పక్షిపిల్లల్ని చూడ్డం కాబట్టి జనవరే సరి. గుడ్డు పొదగడానికి నెల పడుతుంది, పిల్ల ఎగరడానికి ఇంకో మూడు నెలలు. అన్నీ ఒకే రోజు గుడ్లు పెట్టవుగా, అందుకని ఒక గూట్లో ఈక కూడా రాని పిల్ల, పక్క గూట్లో తల్లంత ఎదిగిన పిల్ల ఉంటాయి.

మకాం సూళ్లూరుపేటలో పెట్టు. 2022 దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. గూడూరు–చెన్నై రైలు దారిలో ఉంది, చెన్నై నుంచి లోకల్ రైళ్లు కూడా వస్తాయి. దూరం వెళ్లే రైళ్లన్నీ ఆగవు, నీ రైలు ఆగకపోతే గూడూరులో దిగు. అక్కణ్ణుంచి బస్సులున్నాయి. నేలపట్టు సూళ్లూరుపేటకి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్ల చిల్లర, దొరవారిసత్రం దగ్గర. ఆటో అయినా కారు అయినా రానూపోనూ మాట్లాడుకో. హైవే దిగి లోపలికి వెళ్లాక తిరుగు బండి దొరకడం కష్టం.

మొదటి రోజు తెల్లారేసరికి చెరువుకట్ట మీద ఉండాలి. టిఫిను కట్టించుకుని వెళ్లు, అంత పొద్దున అక్కడ ఏమీ దొరకదు. చాలామంది చేసే పని ఏమిటంటే, గబగబా కట్ట చివరిదాకా నడిచి, ఫోన్లో నాలుగు ఫొటోలు తీసి, అరగంటలో వచ్చేస్తారు. నువ్వలా చెయ్యకు. వాచ్‌టవర్ ఎక్కి ఒక్క చెట్టునే పట్టుకుని గంట కూర్చో. పెద్ద పక్షి మేత తెచ్చి గూట్లో వాలగానే పిల్ల దాని గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చేస్తుంది. చూడ్డానికి మింగేస్తోందేమో అనిపిస్తుంది, అది తినే తీరే అంత. అరుపులన్నీ పిల్లలవే, పెద్దవి దాదాపు నోరే తెరవవు. అవే చెట్ల మీద పసుప్పచ్చ ముక్కు, తోక దగ్గర గులాబీ ఈకలు ఉన్నది ఎర్రకాళ్ల కొంగ. ముక్కు మూసినా పై సగానికీ కింది సగానికీ మధ్య సందు ఉన్నది నత్తగుల్ల కొంగ, ఆ ముక్కు నత్తల్ని పట్టి తినడానికే. ఆకుల చాటున ముడుచుకుని పగలంతా కునికేది చింతవక్క. సాయంత్రం చీకటి పడే వేళకి అది మేతకి బయల్దేరుతుంది.

ఎండ కాస్త ఎక్కేదాకా ఆగు. నేల వేడెక్కి గాలి పైకి లేవగానే గూడబాతులు దాని మీద రెక్క ఆడించకుండా సుడులు తిరుగుతూ ఎత్తుకి పోయి, పులికాట్ వైపు మేతకి మళ్లుతాయి. ఏడడుగులు దాటిన రెక్కలు నెత్తిమీదుగా పోతుంటే పిల్లలు ఎంత అల్లరివాళ్లయినా నోరు మూసుకుని చూస్తారు.

ఇంకో సంగతి, ఇది గట్టిగానే చెబుతున్నా. చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపేవాళ్లుంటారు, ఎగిరే ఫొటో కోసం. తల్లి లేచిన ఆ కాసేపట్లోనే కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది, ఈకరాని పిల్ల ఎండకి మాడుతుంది. నీ పిల్లలకి ఇది ముందే చెప్పు. బట్టలు కూడా ఎర్రవీ తెల్లవీ కాకుండా మట్టిరంగువి వెయ్యి. చుట్టుపక్కల రైతులు ఈ పక్షుల్ని కాపాడుకుంటూ వచ్చారు. రెట్టలు కలిసిన చెరువునీళ్లు పొలానికి ఎరువు కదా మరి.

బైనాక్యులర్స్ లేకుండా వెళ్లకు. 8×42 తీసుకో, అంటే ఎనిమిదింతలు పెద్దగా చూపించేది. పన్నెండింతలవి పెద్దగా చూపిస్తాయిగానీ చెయ్యి కదిలితే బొమ్మ వణుకుతుంది. ముందు కుడి కన్ను మూసి, ఎడమ కంటికి నడిమి చక్రంతో సరిచేసుకో. తర్వాత ఎడమ కన్ను మూసి, అదే కొమ్మని చూస్తూ కుడి కంటి దగ్గరి రింగు తిప్పు. ఈ రెండో పని చెయ్యకే చాలామందికి పావుగంటలో తలనొప్పి వస్తుంది. కళ్లద్దాలున్నవాళ్లు రబ్బరు కప్పులు కిందికి దించుకోవాలి.

రెండో రోజు పులికాట్. మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సుని చీల్చుకుంటూ పోతుంది, పొడుగు కాళ్ల గులాబీ పక్షులు, ఫ్లెమింగోలు, రెండు పక్కలా కనిపిస్తాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి రోడ్డుకి ఉత్తరం వైపు చూడు, వెలుగు నీ వీపు వైపు నుంచి పడి పక్షుల రంగులు బాగా తేలతాయి. దక్షిణం వైపు చూస్తే అన్నీ నల్ల నీడలే. తొమ్మిదిన్నర దాటితే నీటి మీద వేడిగాలి అలలాడి బైనాక్యులర్స్‌లో బొమ్మ చెదురుతుంది. అందుకే పొద్దున్నే ఒకసారి, మళ్లీ నాలుగింటికి ఒకసారి వెళ్లు.

ఫ్లెమింగోలకి కావలసింది కాళ్లు మునిగేంత నీళ్లే. తల తలకిందులుగా ముంచి బురదనీళ్లు పీల్చి, ముక్కులోని జల్లెడతో నాచునీ సన్నపురుగుల్నీ వడకట్టుకుంటాయి. భారీ వానలు పడ్డ వెంటనే నీళ్లు లోతెక్కి పక్షులు దూరంగా జరిగిపోతాయి. జనవరి చివరికి నీళ్లు తగ్గేకొద్దీ రోడ్డుకి దగ్గరవుతాయి. గులాబీ ముక్కుకి కొస మాత్రమే నల్లగా ఉంటే పెద్ద రకం. పొట్టిగా, ముక్కు మొత్తం ముదురుగా, ఒళ్లు ఇంకాస్త గులాబీగా ఉంటే చిన్న రకం. బూడిదరంగువి పిల్లలు. ఫ్లెమింగోలు ఇక్కడ గూడు పెట్టవు, గుజరాత్ కచ్ రణ్‌లో పెడతాయి. వాటి వెనకాల సూదితోక బాతులు గుంపులుగా ఉంటాయి, వాటినీ వదలకు.

కారు దిగకుండా కిటికీలోంచే చూడండి. మనిషి ఆకారం కనపడగానే అవి జరిగిపోతాయి. బండి తారు మీద ఆపకు, శ్రీహరికోట రాకెట్ కేంద్రం (షార్) బస్సులు వేగంగా వస్తాయి. అలాగని మరీ కిందికి దించితే చక్రం బురదలో కూరుకుపోతుంది. ఆ కేంద్రం చెక్‌పోస్టు దాటడానికి అనుమతి కావాలి, దాని దగ్గర కెమెరా తియ్యకు. రాకెట్ ప్రయోగం రోజు కాకుండా చూసుకో, ఆ రోడ్డు మీద రద్దీ, తనిఖీలు ఎక్కువ.

మధ్యాహ్నం ఖాళీ వేళ సూళ్లూరుపేటలో కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడి చూసి, చేపల పులుసుతో భోంచెయ్యండి. తడ దగ్గరి ఉబ్బలమడుగు జలపాతం బాగుంటుందిగానీ పాకుడు రాళ్లు, లోతు మడుగులు. చిన్నపిల్లలతో వద్దు.

అక్కడ జరిగే పక్షుల పండుగ, ఫ్లెమింగో ఫెస్టివల్, రోజులు తప్పించుకో. జనం, మైకులు, సూళ్లూరుపేటలో గది దొరకదు. ఆ తేదీలు తెలిశాకే మీ సెలవు ఖాయం చేసి నాకు రాయి. బైనాక్యులర్స్ నా దగ్గర ఒకటి అదనంగా ఉంది, పంపిస్తాను.

నీ
శ్రీను