హారం లేని లెక్కతో టీకాను తూచకండి

సంపాదకులకు,

తట్టు సోకిన పిల్లల్లో సగం మందికి ముందే టీకా పడిందని వినగానే ‘ఇక టీకా ఎందుకు?’ అనడం తొందరపాటు. ఒక బస్తీలో 1000 మంది పిల్లలున్నారనుకుందాం. 900 మందికి టీకా పడింది, 100 మందికి పడలేదు. రెండు వైపులా పదేసి మందికి తట్టు వచ్చింది. అంటే టీకా పడ్డవారిలో 1.1 శాతం, పడనివారిలో 10 శాతం. మొదటిదాన్ని రెండోదానితో భాగించి ఒకటిలోంచి తీసేస్తే రక్షణ సుమారు 89 శాతం!

చిక్కంతా హారంగా, అంటే భాగించే సంఖ్యగా, వాడిన ఆ 900 దగ్గరే. నిజానికి 800 మందికే పడి ఉంటే జవాబు 75కి జారుతుంది. హైదరాబాద్‌లో అద్దె ఇళ్లు మారేవారు, వలస వచ్చేవారు ఎక్కువ. టీకా కార్డు పోతే తల్లి జ్ఞాపకమే ఆధారం. కార్డు లేని ప్రతి బిడ్డనూ ‘టీకా పడలేదు’ అని రాసేస్తే ఆ జాబితాలో రక్షణ ఉన్నవారూ చేరిపోతారు, టీకా ఉన్నదానికంటే బలహీనంగా కనిపిస్తుంది. టీకా వయసు రానివారిని, అంటే తొమ్మిది నెలలు నిండనివారిని, లెక్కలో కలపకూడదు. ఒక డోసు, రెండు డోసుల వారిని విడదీయాలి. ఒంటిపై దద్దుర్లు డెంగీలోనూ వస్తాయి కాబట్టి వచ్చింది తట్టేనని తేల్చే ఐజీఎం (ఇటీవల సోకిన జబ్బుకు ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) రక్తపరీక్ష తప్పదు.

కేసుల సంఖ్య వేసేటప్పుడు పక్కనే ఆ వయసు పిల్లల్లో ఎందరికి టీకా పడిందో కూడా ముద్రించండి.

– సామాజిక వైద్య అధ్యాపకులు, హైదరాబాద్