ప్లేట్లలో ఎంత మిగులుతోందో చెప్పండి: స్కూల్ భోజనాల సంస్థకు ఫిర్యాదు లేఖ

మేనేజర్ గారికి,
కస్టమర్ సేవల విభాగం, హెడ్ ఆఫీసు, హైదరాబాదు.

విషయం: చెన్నైలో మీరు సరఫరా చేస్తున్న తప్పనిసరి స్కూల్ భోజనం నాణ్యత, పరిమాణం, ఇంటి క్యారేజీపై నిషేధం.

అయ్యా,

పెరంబూర్ దగ్గర మీరు భోజనం పంపే ఒక ప్రైవేటు స్కూల్లో మా పిల్లలిద్దరూ చదువుతున్నారు. పాప మూడో తరగతి, బాబు ఏడో తరగతి. ఈ జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి ఇంటి క్యారేజీని లోపలికి రానివ్వడం లేదు. గేటు దగ్గరే బ్యాగులు చూసి డబ్బాలు పక్కన పెట్టిస్తున్నారు. అందరూ మీ భోజనమే తినాలి. టర్ముకు సరిపడా డబ్బు ముందే కట్టాలి. పిల్ల తిన్నా తినకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. మీ చెన్నై ఆఫీసుకు ఫోన్ చేశాను, మెయిల్ పెట్టాను. "మీ సూచన నమోదు చేసుకున్నాం మేడం" అన్న జవాబు తప్ప ఇంకేమీ రాలేదు. నేను ఇచ్చింది సూచన కాదు, ఫిర్యాదు. అందుకే నేరుగా మీకు, మనిద్దరికీ బాగా తెలిసిన భాషలో రాస్తున్నాను.

బడిలో అన్నం పెట్టడానికి నేను వ్యతిరేకిని కాను. ఈ ఊళ్లో ఉంటూ ఆ మాట అనడం ఎవరికీ చెల్లదు. పిట్టి త్యాగరాయ చెట్టి గారు మద్రాసు కార్పొరేషన్‌కు అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 1920లో, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు టిఫిన్ పెట్టడం మొదలైంది. తలకు రోజుకు ఒక అణా మించకూడదని లెక్క. మన తెలుగువాళ్లు రోజూ బట్టలకీ నగలకీ వెళ్లే టీ నగర్‌కి ఆయన పేరే పెట్టారు. తర్వాత ముఖ్యమంత్రులుగా 1956లో కామరాజ్, 1982లో ఎంజీఆర్ ఆ పనిని రాష్ట్రమంతా పెంచారు. 2022 నుంచి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో పొద్దున టిఫిన్ కూడా పెడుతున్నారు. కడుపు ఖాళీగా ఉన్న పిల్లకి పాఠం తలకెక్కదన్న ఒక్క విషయం పట్టుకుని వందేళ్లుగా ఈ పని సాగుతోంది. దానిమీద నాకు గౌరవం ఉంది.

పేరెంట్స్ మీటింగ్‌లో స్కూలు వాళ్లు చెప్పిన కారణం కూడా నాకు నచ్చింది. ఒకరి డబ్బాలో పనీర్ రోల్, పక్కవాళ్ల డబ్బాలో పచ్చడన్నం. ఒకరు తెచ్చిన చేపల పులుసు చూసి ఇంకొకరు ముక్కు మూసుకుని దూరంగా జరగడం. ఇవన్నీ పిల్లల మనసులో నాటుకుంటాయి. అందరూ ఒకే బంతిలో కూర్చుని ఒకే అన్నం తింటే ఆ తేడాలు కొంతైనా తగ్గుతాయి. ఈ మాట ఇప్పటికీ నిజమే అనుకుంటున్నాను. అలాంటి మంచి ఉద్దేశాన్ని మీరు ఎలా నడుపుతున్నారన్నదే నా ఫిర్యాదు.

ఒక గురువారం ఫీజు పని మీద స్కూలుకు వెళ్లి, భోజనాల హాల్లో కాసేపు నిలబడి చూశాను. ఆ రోజు అన్నం, సాంబారు, బీన్స్ పొరియల్ (తమిళుల వేపుడు కూర), పెరుగన్నం, అప్పడం. సాంబారు మీద మీగడలాగా పొర కట్టి ఉంది. స్టీలు డబ్బాల మీద మీరే అంటించిన స్టిక్కర్లున్నాయి. వాటిమీద "వండిన సమయం" అని ఉన్నచోట ఏమీ రాయలేదు. మీ బండి పదిన్నరకే వస్తుందని, పెద్ద తరగతుల వాళ్లు తినేది ఒంటిగంటకని అక్కడి ఆయమ్మ చెప్పింది. మీ వంటశాల అంబత్తూరు అవతల ఉంది కాబట్టి అన్నం ఎన్నింటికి పొయ్యి దిగుతోందో మీరే చెప్పాలి. వేడిగా వడ్డించాల్సిన వంట 60 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ఉంది. ఆ హాల్లో థర్మామీటర్ పట్టుకున్న మనిషి నాకు కనబడలేదు. అగ్ని నక్షత్రం, అంటే మే నెల మండుటెండల రోజులు, దాటినా చెన్నైలో జూన్ ఎండ ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఆ ఎండల్లో మా పాప పెరుగన్నం పులిసిపోయిందని రెండు ముద్దలు తిని వదిలేసిన రోజులున్నాయి.

వంట బడిలోనే ఎందుకు చేయరంటే భద్రత కోసం అంటున్నారు. 2004లో కుంభకోణం పట్టణంలో ఒక బడి వంటగదిలో రేగిన మంటల్లో 94 మంది పిల్లలు చనిపోయిన సంగతి ఈ రాష్ట్రంలో ఏ తల్లీ మరచిపోదు. దూరంగా వండి తెస్తామంటే నాకు అభ్యంతరం లేదు. కానీ దూరం నుంచి తెచ్చేవాళ్లకు వేడి, సమయం విషయంలో బాధ్యత ఇంకా ఎక్కువ ఉండాలి.

ఇక పరిమాణం. మూడో తరగతి పాపకీ ఏడో తరగతి బాబుకీ ఒకే గరిటె. బాబు రెండోసారి అడిగితే అన్నం ఉంటుంది గానీ కూర ఉండదు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే గిన్నెలు వెతుకుతున్నాడు. ప్రభుత్వ మధ్యాహ్న భోజన పథకం, ఇప్పుడు పీఎం పోషణ్ అంటున్నది, ఈ విషయంలో ఎంత స్పష్టంగా ఉందో చూడండి. ఒకటి నుంచి ఐదు తరగతుల వాళ్లకు 100 గ్రాముల బియ్యం లేదా గోధుమలు, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. ఆరు నుంచి ఎనిమిది వాళ్లకు 150, 30, 75. చిన్నవాళ్లకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. పెద్దవాళ్లకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్. మీ మెనూ కార్డు చాలా అందంగా అచ్చు వేశారు. అందులో వంటకాల పేర్లున్నాయి, గ్రాములు ఎక్కడా లేవు. మా వీధి చివరి కార్పొరేషన్ బడిలో పిల్లలకు బడి ఉన్న ప్రతిరోజూ ఉడికించిన గుడ్డు పెడతారు, తినని వాళ్లకు అరటిపండు ఇస్తారు. డబ్బు కట్టే మా పిల్లలకు మీ మెనూలో గుడ్డు లేదు. దానికి బదులుగా సుండల్ (శనగ గుగ్గిళ్లు) అయినా, పెసలైనా లేవు. ఇంటి నుంచి గుడ్డు పంపిద్దామంటే గేటు దగ్గర డబ్బా ఆపేస్తారు. పిల్ల ఎదిగే వయసులో ఈ ప్రొటీన్ ఎక్కడి నుంచి రావాలి?

ఎలర్జీ సంగతి మరీ టెన్షన్. మీ ఫారంలో వెజ్, జైన్ అనే రెండు గడులే ఉన్నాయి. పాప క్లాసులో ఒకమ్మాయికి వేరుశెనగ పడదు. మీ లెమన్ రైస్‌లో, పులిహోరలో వేరుశెనగ గింజలు ఉంటాయి. ఆ రోజుల్లో ఆ పిల్ల ఒట్టి పెరుగన్నం తింటోంది. ఎలర్జీ తెచ్చే పదార్థాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పిన జాబితాలో పాలు, గోధుమ, సోయా, గుడ్డు, చేపలతోపాటు వేరుశెనగ కూడా ఉంది. అలాంటి పిల్ల అమ్మ పొద్దున్నే లేచి జాగ్రత్తగా చేసిన అన్నాన్ని గేటు దగ్గర ఆపే హక్కు ఎవరికీ లేదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. క్యారేజీ పంపినప్పుడు సాయంత్రం డబ్బా ఇంటికి తిరిగొచ్చేది. మూత తీస్తే అంతా తెలిసేది. బెండకాయ మిగిలితే వేపుడు మెత్తబడిందని, అన్నమంతా మిగిలితే ఒంట్లో బాగోలేదేమోనని, ఖాళీగా వస్తే రేపు ఇంకొంచెం పెట్టాలని. పిల్లలు నోటితో చెప్పని విషయాలు ఆ డబ్బా చెప్పేది. మీ పద్ధతి వచ్చాక పాప మధ్యాహ్నం ఏం తిన్నదో, ఎంత తిన్నదో మాకు తెలిసే దారి మూసుకుపోయింది. అడిగితే "తిన్నానమ్మా" అంటుంది.

ఆ గురువారం హాలు చివర ఒక నీలం రంగు డ్రమ్ము చూశాను. పిల్లలు అప్పడం తినేసి, సాంబారన్నం కొంత తిని, బీన్స్ పొరియల్ మొత్తం అందులో వంచేస్తున్నారు. భోజనాలయ్యేసరికి డ్రమ్ము అంచుదాకా నిండింది. మీ మనుషులు దాన్ని బండెక్కించి తీసుకెళ్లారు. ఎవరూ తూకం వేయలేదు, ఎవరూ రాసుకోలేదు. మీ ప్రతినిధి మాత్రం నాతో ఫోన్‌లో "ఇంతమంది తింటున్నారు కదా మేడం, మీ ఒక్కరికేనా ఇబ్బంది?" అన్నారు. ఇంతమందికి వడ్డిస్తున్నారన్నది నిజం. ఎంతమంది తింటున్నారన్నది ఆ డ్రమ్ము చూస్తేనే తెలుస్తుంది, దాని లెక్క మీ దగ్గర లేదు. హోటల్లో రుచి పోతే గిరాకీ తగ్గుతుంది, యజమాని వంటమనిషిని మారుస్తాడు. ఇక్కడ డ్రమ్ము ఎంత నిండినా మీ బిల్లు ఒక్క రూపాయి తగ్గదు. తప్పనిసరి చేయడం వల్ల మీకు వచ్చిన సౌకర్యం ఇదే, పిల్లలకు జరిగే నష్టం కూడా ఇదే.

తప్పనిసరి ఎందుకని స్కూలు వాళ్లను అడిగితే, ఇన్ని ప్లేట్లకు తగ్గితే సరఫరా చేయలేమని మీరే షరతు పెట్టారంటున్నారు. మిమ్మల్ని అడిగితే అది స్కూలు నిర్ణయం అంటున్నారు. ప్లేట్ల సంఖ్య పెరిగితే ధర తగ్గుతుందన్న లెక్క నాకు అర్థమవుతుంది. మరి ఆ తగ్గింపు ఎక్కడ? మీరు ప్లేటుకు 90 రూపాయలు తీసుకుంటున్నారు. ప్రభుత్వ పథకంలో చిన్న తరగతులకు పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్ లాంటి వాటికి 2025 మే నుంచి కేంద్రం పెట్టిన లెక్క ఒక్కో పిల్లకి 6 రూపాయల 78 పైసలు. బియ్యం, వంటవాళ్ల జీతం దానికి వేరు. ఆ ధరకే మీరు పెట్టాలని నేను అనను. మీకు బండ్లు, అద్దెలు, జీతాలు, లాభం అన్నీ ఉంటాయి. అవన్నీ వేసుకున్నా 90 రూపాయల ప్లేటులో ఒక గుడ్డుకో, గుప్పెడు సుండల్‌కో చోటు ఉండి తీరాలి.

ఒక సేవ కావాలంటే ఇంకొకటి కూడా కొనాల్సిందేనని షరతు పెట్టడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 తప్పుబడుతుంది. అది ఇక్కడ వర్తిస్తుందో లేదో చెప్పాల్సింది వినియోగదారుల కమిషన్. అక్కడిదాకా వెళ్లాలని నాకు కోరిక లేదు. మీరు ఈ పనులు చేస్తే చాలు.

వచ్చే నెల నుంచి ఆ డ్రమ్మును రోజూ తరగతివారీగా తూకం వేసి, ఏ వంటకం ఎంత మిగిలిందో స్కూలు నోటీసు బోర్డు మీద పెట్టండి. తల్లిదండ్రుల్లో ఇద్దరు వంతులవారీగా వచ్చి తూకం చూస్తారు, మీ మనిషి సంతకం పెట్టాలి. ఎక్కువ మిగిలిన వంటకాన్ని మార్చండి. ప్రతి డబ్బా మీద వండిన సమయం, వడ్డించేటప్పటి వేడి రాయండి. వడ్డించే ముందు ఒక టీచర్, ఒక పేరెంట్ రుచి చూడాలి. ప్రభుత్వ బడుల్లో టీచర్ రుచి చూశాకే వడ్డించాలని నియమం ఉంది. మెనూలో గ్రాములు, పడనివాళ్లకు తెలిసేలా పదార్థాలు రాయండి. ఏడో తరగతి వాళ్లకు వాళ్ల వయసుకు తగ్గంత పెట్టండి.

ఇవి జరిగేదాకా, ఆ తర్వాత కూడా, ఎలర్జీ ఉన్న పిల్లలకూ ఇంటి అన్నం కావాలనుకునే వాళ్లకూ క్యారేజీ తెచ్చుకునే వీలుండాలి. వాళ్లూ అదే హాల్లో, అదే బంతిలో కూర్చుని తినాలి. విడిగా ఒక మూల కూర్చోబెట్టకూడదు. తినని రోజులకు కట్టిన డబ్బు తర్వాతి టర్ములో సర్దాలి. కనీస ప్లేట్ల షరతు గురించి స్కూలుతో మీరు చేసుకున్న ఒప్పందంలోని ఆ భాగం కాపీని మాకు పంపాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబివ్వండి. రాకపోతే తమిళనాడు ఆహార భద్రతా విభాగానికీ, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కూ ఫిర్యాదు చేస్తాను. ఈ లేఖ కాపీ స్కూల్ ప్రిన్సిపల్ గారికీ ఇస్తున్నాను. మా బాబు క్లాసు తల్లిదండ్రులు కొందరు కింద సంతకాలు చేశారు.

ఇట్లు,
మూడు, ఏడు తరగతుల పిల్లల తల్లి,
పెరంబూర్, చెన్నై.

జతపరిచినవి: ఫీజు రసీదులు, మీ మెనూ కార్డు కాపీ, సమయం రాయని స్టిక్కర్ల ఫోటోలు, నిండిన డ్రమ్ము ఫోటో.