కారిడార్ వస్తోంది సరే, దారిలో ఉన్నవాళ్లకు ఏం వస్తోంది?

సంపాదకుడు గారికి,

అంతర్జాతీయ రవాణా కారిడార్ల మీద, అంటే దేశాల మధ్య సరుకు కోసం వేసే రైలు, రోడ్డు దారుల మీద, పోయిన వారం మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. ఎందుకులే అని కొన్నాళ్లు ఊరుకున్నాను గానీ మనసొప్పక రాస్తున్నాను. రేవు నుంచి రేవుకు ఎన్ని రోజులు కలిసొస్తాయి, ఎన్ని టన్నులు కదులుతాయి, ఏ మంత్రి ఏమన్నారు, అన్నీ వేశారు. మధ్యలో వందల కిలోమీటర్ల పొడవునా బతికే జనం గురించి మాత్రం చివర్లో ఒకటే ముక్క: ‘పరిసర ప్రాంతాలు కూడా అభివృద్ధి చెందుతాయి’. ఎలా చెందుతాయి? మీ విలేకరి అడగలేదు, ఆ అధికారి చెప్పలేదు.

దేశాలు దాటిపోయే సరుకు కస్టమ్స్ సీలుతో వెళ్తుంది. బయల్దేరిన చోట వేసిన సీలును మామూలుగా గమ్యం చేరాకే తీస్తారు. దారిలో రైతు దగ్గర ఎంత పంట ఉన్నా ఆ పెట్టెలో ఒక్క బస్తా వేయడానికి లేదు. అతని సరుకు కూడా రైలెక్కాలంటే దగ్గర్లో గూడ్స్ బండి ఆగే స్టేషన్ కావాలి. పదిమంది చిల్లర సరుకు కలిపి ఒక కంటైనర్ నింపే గోదాము కావాలి. అక్కడే తనిఖీ చేసి సీలు వేసే ఉద్యోగి కావాలి. పొలాల నుంచి అక్కడిదాకా లారీ నడిచే రోడ్డు కావాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ఊరికి మిగిలేది రైలు చప్పుడే. రోడ్డయినా అంతే. ఇంటర్‌ఛేంజ్, అంటే హైవే ఎక్కే దిగే చోటు, ఎక్కడో దూరాన పెడితే, భూమి ఇచ్చినవాడు కంచె ఇవతల నిలబడి లారీలు చూస్తుంటాడు.

కెన్యాలో మొంబాసా–నైరోబీ రైలు 2017లో మొదలైంది. దాని అప్పు తీరాలంటే సరుకు కావాలి కదా, అందుకని రేవులో దిగిన కంటైనర్లు రైల్లోనే నైరోబీ వెళ్లాలని ప్రభుత్వం హుకుం జారీ చేసింది. లారీల వాళ్లు, క్లియరింగ్ ఏజెంట్లు, గోదాముల వాళ్లు 2019లో మొంబాసా వీధుల్లోకి వచ్చారు. హైవే మీది ఊళ్లలో పంక్చర్లు వేసేవాళ్లు, మెకానిక్కులు, డ్రైవర్లకు రాత్రి పడకకు గదులిచ్చేవాళ్లు బతికేది ఆ లారీల మీదే. రైలు వద్దని నేననను. లారీ పోతే ఆ ఊళ్లకు ఏమిస్తామన్న ఆలోచన పట్టాలు వేయకముందే ఉండొద్దా?

చేయాలనుకుంటే చేయొచ్చు. ఆల్ప్స్ గుండా పోయే లారీల పొగ, రొద మేమెందుకు భరించాలని స్విట్జర్లాండ్ జనం 1994లో ఓటేసి మరీ తేల్చారు. 2001 నుంచి లారీలపై బరువును, దూరాన్ని బట్టి రుసుము వసూలు చేస్తున్నారు. అందులో మూడో వంతు కాంటన్లకు, అంటే అక్కడి రాష్ట్రాలకు, చట్టప్రకారం వెళ్తుంది. మిగతాది ఎక్కువగా రైల్వేకే. 57 కిలోమీటర్ల గొట్టార్డ్ సొరంగం 2016లో తెరుచుకోవడం వెనక ఆ డబ్బుంది. 2000లో ఏటా 14 లక్షల లారీలు ఆ కొండలు దాటేవి, ఇప్పుడు 10 లక్షల లోపే. పక్కనే ఆస్ట్రియాలోని బ్రెన్నర్ కనుమ దారిలో ఏటా 20 లక్షలకు పైగా లారీలు పోతున్నాయి. రాత్రిపూట తిరగొద్దని ఆ కనుమ ఉన్న టిరోల్ రాష్ట్రం ఆంక్షలు పెడితే ఇటలీ 2024లో కోర్టుకెక్కింది.

జర్మనీలో నదీ రేవు ఉన్న డ్యూయిస్‌బర్గ్ నగరం సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. అక్కడి రైన్‌హౌజెన్ ఉక్కు కర్మాగారం 1993లో మూతపడింది. ఆ స్థలాన్ని అలా వదిలేయకుండా గోదాములు, కంటైనర్ టెర్మినళ్లు కట్టారు. చైనా నుంచి వచ్చే గూడ్స్ రైళ్లకు యూరప్‌లో అది పెద్ద మజిలీ అయింది. ఆ రేవు సంస్థ అక్కడి రాష్ట్ర ప్రభుత్వానిది, నగరానిది. అసలు కిటుకు అక్కడుంది. ఆ రైళ్లు అక్కడ ఆగుతాయి, ఆ సంస్థలో ఆ ఊరికీ వాటా ఉంది.

మన అధికార యంత్రాంగాలకు ఇవేవీ తెలియవని కాదు. ప్రారంభోత్సవం తేదీ మీదున్న శ్రద్ధ ప్రజాభిప్రాయ సేకరణ మీద ఉండదు, అంతే. నోటీసు ఎవరికీ అర్థంకాని భాషలో వేస్తారు, సభ అరగంటలో ముగిస్తారు. పత్రికలు కూడా ప్రెస్‌నోట్‌ను ఉన్నదున్నట్టు అచ్చేయడం మొదలుపెట్టాక ఇక అడిగేదెవరు? ఒకప్పుడు విలేకరి ఆ దారి పొడవునా తిరిగి రాసేవాడు.

అంగోలాలోని లోబిటో రేవు నుంచి కాంగో దాకా ఉన్న రైలు లైను వందేళ్ల కిందట అక్కడి కటంగా ప్రాంతపు రాగిని బయటికి తేవడానికే వేశారు. ఇప్పుడు మళ్లీ రాగి, కోబాల్ట్ కోసమే దాన్ని బాగుచేస్తున్నారు. ఈసారైనా ఆ దారిలో ఉన్న ఊళ్ల సరుకు అందులో ఎక్కుతుందా? 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జీ20 సమావేశాలప్పుడు ప్రకటించిన భారత్–మధ్యప్రాచ్యం–యూరప్ కారిడార్ గురించీ ఇదే అడగాలి. ఎక్కడెక్కడ ఆగుతుంది, ఏ ఊరికి ఏ రోడ్డు కలుపుతారు, వసూలయ్యే డబ్బులో ఆ ప్రాంతానికి వాటా ఎంత? ఈ మూడూ ముందే జనం ముందు పెట్టాలి. సంతకాలయ్యాక అడిగితే, డిజైన్ ఖరారైపోయింది, ఇక మార్చలేం అంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు