ఏటవాలు తెల్ల గీత

కార్డిఫ్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

ఫోన్ ఎత్తడం లేదని తిట్టుకుంటున్నావు కదా, కారణం వింటే ఇంకా తిడతావు. రెండు వారాలుగా అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగుండే బొమ్మ రైలు బొగ్గు వ్యాగన్ ఒకటి తయారుచేస్తూ కూర్చున్నాను.

వేల్స్ గనుల నుంచి రేవుకు బొగ్గు మోసిన ఏడు పలకల చెక్క వ్యాగన్, 1923 నాటి డిజైన్. అసలుది పదహారున్నర అడుగులు, 12 టన్నులు పట్టేది. అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన నాది 66 మిల్లీమీటర్లు. పట్టాల మధ్య దూరం మాత్రం ఆ లెక్కకు దాదాపు 19 ఉండాల్సింది, 16.5 మిల్లీమీటర్లే. ఎదురుగా చూస్తే భారీ మనిషి కాళ్లు దగ్గరపెట్టి నిలబడ్డట్టుంటుంది!

అప్పట్లో ఇలాంటి వ్యాగన్లు చాలామటుకు రైల్వేవి కావు, గనుల వాళ్లవీ బొగ్గు వ్యాపారులవీ. పక్కల మీద ఇంతింత అక్షరాలతో పేరు రాయించుకునేవాళ్లు. నాది ‘ఓషన్’ అనే గనుల కంపెనీది. ఆ కంపెనీ పెట్టిన డేవిడ్ డేవిస్, కార్డిఫ్ రేవులో రద్దీతో విసిగిపోయి, ఇంకొందరు గనుల యజమానులతో కలిసి పక్కనే బారీలో వేరే రేవే కట్టించాడు. 1889లో తెరిచారు. పంతమంటే అదీ.

రేవులో వ్యాగన్‌ని ఎత్తి వంచితే ఒక చివరనుండే తలుపు తెరుచుకుని బొగ్గంతా ఓడలోకి జారేది. తలుపు ఏ చివరుందో తెలియడానికి పక్కల మీద ఏటవాలుగా ఓ తెల్ల గీత. గీత ఎటు పైకి లేస్తే తలుపు అటు.

నేనేం చేశానో తెలుసా? ఊపిరి బిగబట్టి, నాలుగు వెంట్రుకల బ్రష్షుతో, రెండు పక్కలా కుడివైపుకే లేపాను. అవతలి పక్కకు వెళ్తే తలుపు ఎడమకొస్తుంది కదరా! మూడు రోజులకు గానీ తట్టలేదు.

బొగ్గు మాత్రం బాగా కుదిరింది. మొదట కట్టెబొగ్గు నలిపి పోస్తే బూడిదలా జీవం లేకుండా ఉంది. తర్వాత అసలు రాక్షసి బొగ్గు ముక్కే దొరికింది. గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టి, జిగురు మీద చల్లాను. దీపం కింద తళుక్కుమంటోంది.

“ఆ పక్క గోడకు పెట్టెయ్ నాన్నా” అంటోంది మా చిన్నది. నాకు మనసొప్పడం లేదు. గీత చెరిపితే కింది రంగు కూడా లేచొస్తుందేమోనని టెన్షన్. కాలేజీ రోజుల్లో సైన్‌బోర్డులు రాసినవాడివి, ఎలా చెరపాలో చెప్పు. ఈసారి ఫోన్ ఎత్తుతాను.

నీ
రవి