పూల్ టేబుళ్లకు బట్ట మారుస్తున్నాం, పనిలో పనిగా ఒక తప్పు దిద్దుకుంటున్నాం

మారతహళ్లిలో మా పార్లర్‌కి వచ్చే అందరికీ నమస్కారం. వచ్చే సోమవారం నుంచి రెండు తొమ్మిదడుగుల పూల్ టేబుళ్లకు కొత్త బట్ట వేయిస్తున్నాం. సోమ, మంగళవారాలు మొదటి టేబుల్, బుధ, గురువారాలు రెండోది. ఆ నాలుగు రోజులూ తొమ్మిదడుగుల టేబుల్ ఒక్కటే దొరుకుతుంది. వచ్చే ముందు ఫోన్ చేసి రండి.

ఈ టేబుళ్ల మీద బాల్ నెమ్మదిగా వదిలితే చివర్లో పక్కకు పోతోందని చాలామంది చెప్పారు. మీరన్నది నిజమే, తప్పు మాదే. కిందటిసారి ధర తక్కువని పూల్ టేబుళ్లకు స్నూకర్ బట్ట వేయించాం. స్నూకర్ బట్టకు ఒకవైపు వాలే నూగు ఉంటుంది. బ్రష్ కొట్టి, ఇస్తిరి చేసి ఆ నూగును ఒకే దిక్కుకు పడుకోబెట్టాలి. స్నూకర్ బాల్ 52.5 మిల్లీమీటర్లు, పూల్ బాల్ 57.15. బరువు 156 నుంచి 170 గ్రాముల దాకా ఉంటుంది. ఆ బరువుతో రోజంతా గట్టి బ్రేకులు, అంటే ఆట మొదలుపెట్టే దెబ్బలు, పడుతుంటే నూగు లేచి ఉండలు కడుతుంది. నెమ్మదిగా వెళ్లే బాల్ ఆ ఉండల మీదే దారి తప్పుతుంది. పూల్‌కి కావాల్సింది వర్‌స్టెడ్, అంటే నూగు లేకుండా గట్టిగా నేసిన ఊలు బట్ట. ఈసారి అదే వేస్తున్నాం.

ఈలోగా వస్తే బాల్స్ పేర్చే చోట వంగి చూడండి. బట్ట మీద ఆవగింజంత తెల్ల చుక్కలు, వాటి పక్కన చిన్న పల్లం కనిపిస్తాయి. బ్రేక్ కొట్టిన క్షణంలో బాల్‌కీ బట్టకీ మధ్య రాపిడి వేడికి ఊలులో కలిపిన నైలాన్ పోగు కాలి తెల్లబడుతుంది. పల్లం మాత్రం మన చేతి పనే. ట్రయాంగిల్‌లో బాల్స్ కుదురుకోవాలని ముందున్న బాల్‌ని పైనుంచి ఇంకో బాల్‌తో టకటకా కొడతాం కదా, దానివల్ల వచ్చింది. కొత్త బట్ట మీద అలా కొట్టకండి. వెనక వరసను వేళ్లతో ముందుకు నెట్టి, ట్రయాంగిల్ మెల్లగా తీస్తే చాలు.

ఈ పని రెండు రోజులు ఎందుకో కూడా చెప్పాలి. ముందు కుషన్లున్న, అంటే బాల్ తగిలి వెనక్కొచ్చే రబ్బరున్న, అంచులను కింద బోల్టులు విప్పి తీయాలి. పాత బట్ట, స్టేపుల్ పిన్నులు, ఎండిపోయిన గమ్ము గీకేయాలి. కింద ఉండేది మూడు ముక్కల రాతి పలక. లండన్‌లో టేబుళ్లు చేసే జాన్ థర్‌స్టన్ 1826లో స్లేట్ పలకలు వాడడం మొదలుపెట్టాక, చెక్క టేబుల్ వంకరపోయే బాధ తప్పింది. కానీ ముక్కలు కలిసే చోట వెంట్రుకంత ఎత్తుపల్లం ఉన్నా బాల్ ఎగురుతుంది. అందుకే మేస్త్రీల రసమట్టం సరిపోదు, అంతకంటే చాలా సూక్ష్మంగా చూపే మెషినిస్ట్ లెవెల్ పెట్టి చూడాలి. తక్కువున్న చోట కింద సన్నటి రేకులు దోపి, అతుకుల్లో తేనె మైనం కరిగించి పోసి, ఆరాక గీకి నున్నగా చేస్తారు. తర్వాతే బట్ట లాగాలి. వదులుగా ఉంటే కొన్నాళ్లకు ముడతలొస్తాయి. మరీ బిగిస్తే బాల్ ఆగదు.

మొదటి వారం పదిరోజులు టేబుల్ చాలా వేగంగా ఉంటుంది. డ్రా, అంటే ఇంకో బాల్‌ని తాకి తెల్ల బాల్ వెనక్కొచ్చే షాట్, ఎక్కువ వెనక్కొస్తుంది, కుషన్ నుంచి వచ్చే కోణం మారుతుంది. కంగారు పడకండి. అరిగిన కుషన్ ఏదో తెలుసుకోవాలంటే వైట్‌ని, అంటే తెల్ల బాల్‌ని, బ్రేక్ కొట్టే వైపున్న హెడ్ స్పాట్‌లో పెట్టి, క్యూ కర్రను సమతలంగా పట్టి, బాల్ మధ్యలో, గట్టిగా ఎదుటి కుషన్‌కు కొట్టండి. టేబుల్ పొడవు నాలుగు, నాలుగున్నర సార్లు తిరగాలి. పెద్ద టేబుళ్లు రెండూ ఆ పరీక్షలో నెగ్గాయి.

ఇక రూల్స్. ఎక్కువ గొడవలు వీటిమీదే. ఒకరు వైట్ పాకెట్‌లో పడితే ఎదుటివాళ్లకు రెండు చాన్సులంటారు, ఇంకొకరు వైట్‌ని ఎక్కడైనా పెట్టుకోవచ్చంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, ఆడేది వేరే ఆట. అమెరికాలో 1908 ప్రాంతంలో బ్రన్స్‌విక్ కంపెనీ ఏడు ఎర్రవి, ఏడు పసుపువి, ఒక నల్లది ఉన్న సెట్ అమ్మింది. ఎయిట్‌బాల్, అంటే తన బాల్స్ అన్నీ వేశాక చివర్లో నల్లదాన్ని వేసే ఆట, దాని పూర్వరూపం అదే. నంబర్లతో మనం ఆడే రూపం తర్వాత స్థిరపడింది. బ్రిటన్ పబ్బుల్లో చిన్న బాల్స్‌తో ఎరుపు, పసుపు ఆట బాగా పాకింది. ఫౌల్‌కి రెండు చాన్సులనేది అక్కడి పద్ధతి.

మా దగ్గర ఇకనుంచి ఎయిట్‌బాల్‌కి ప్రపంచ పూల్ సంఘం డబ్ల్యూపీఏ రూల్సే. బ్రేక్ తర్వాత ఏ బాల్ పడినా టేబుల్ ఓపెన్, ఎవరివి స్ట్రైప్స్ (చారలవి), ఎవరివి సాలిడ్స్ (నిండు రంగువి) అన్నది ఆ తర్వాత మొదట సరిగ్గా పడిన బాల్ తేలుస్తుంది. ఫౌల్ అయితే ఎదుటివాళ్లు వైట్‌ని ఎక్కడైనా పెట్టుకోవచ్చు. బ్రేక్‌లోనే వైట్ పడితే మాత్రం బ్రేక్ కొట్టే గీత వెనకే పెట్టాలి. సరైన బ్రేక్‌లో నల్లది పడితే గెలుపూ కాదు, ఓటమీ కాదు. కొట్టినవాళ్లు దాన్ని స్పాట్‌లో పెట్టించి కొనసాగించవచ్చు, లేదా మళ్లీ బ్రేక్ చేయవచ్చు. చివర్లో నల్లదాన్ని కొట్టేటప్పుడు అది పడకుండా వైట్ ఒక్కటే పడితే మామూలు ఫౌల్. రెండూ పడితే ఓటమి. బోర్డు తెలుగులో, ఇంగ్లిష్‌లో, కన్నడంలో గోడకు పెడుతున్నాం.

పూల్ బాల్స్ స్నూకర్ టేబుల్ మీద ఇకపై ఇవ్వం. దాని పాకెట్ నోరు వంపుగా, చిన్నగా ఉంటుంది. 57 మిల్లీమీటర్ల బాల్ గుద్దితే అంచు దెబ్బతినవచ్చు. స్నూకర్ పుట్టుక కూడా అప్పటి ఓ పూల్ రకం ఆట నుంచే. 1875లో జబల్‌పూర్‌లో సైనికాధికారి నెవిల్ చాంబర్లేన్, బ్లాక్ పూల్ ఆటకు రంగు బాల్స్ చేర్చడంతో మొదలైంది. మనకు మైసూరు దాటితే వచ్చే ఊటీ క్లబ్బులో 1882లో దాని నియమాలు రాసి పెట్టారు. చుట్టరికం ఉన్నా టేబుల్, బట్ట, బాల్ వేరు. ఆ తేడా పట్టించుకోకపోవడమే మేం చేసిన తప్పు.

పాత వైట్ బాల్స్ కూడా తీసేస్తున్నాం. ప్రతి షాట్‌కీ దెబ్బ తినేది వైటే కాబట్టి మిగతావాటికంటే ముందే అరిగి తేలికపడుతుంది. అప్పుడు ఫాలో, అంటే వైట్ ముందుకు సాగే షాట్, సరిగ్గా సాగదు, డ్రా అతిగా వస్తుంది. క్యూ కొనకు రాసే చాక్‌ని నీలం ముఖం కిందకు పెట్టకండి, అంచు మీద పడిన పొడి బాల్‌కి, బాల్ నుంచి బట్టకి అంటుతుంది. పౌడర్ బదులు చేతి గ్లవ్ అడగండి, ఉచితంగా ఇస్తాం.

రేటు: తొమ్మిదడుగుల టేబుల్ గంటకు ₹280 ఉన్నది ₹320 అవుతోంది. వర్‌స్టెడ్ ఖర్చు అందులో ఉంది. ముందే గంటలు కొనుక్కున్నవాళ్లకు అవి అయిపోయేదాకా పాత రేటే. ఎనిమిదడుగులవి, స్నూకర్ మారవు. కిటికీ పక్కనున్న ఎనిమిదడుగుల టేబుల్‌కి మాత్రం కుషన్ రబ్బరు గట్టిపడింది, పైన చెప్పిన పరీక్షలో మూడు పొడవులు కూడా తిరగట్లేదు. దాన్ని మార్చే డబ్బు ఇప్పుడు లేదు. మార్చేదాకా ఆ టేబుల్ సగం రేటుకే ఇస్తాం, ఆ సంగతి దాని మీద రాసి పెడతాం.