ఇమ్యునోథెరపీ రోగి దగ్గుకు యాంటీబయాటిక్ రాసి పంపొద్దు

సంపాదకులకు,

పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వంటి ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి ఉసిగొల్పే) మందులు వాడే క్యాన్సర్ రోగికి పొడి దగ్గు, నడిస్తే ఆయాసం మొదలైతే న్యుమోనైటిస్, అంటే ఆ మందు వల్ల వచ్చే ఊపిరితిత్తుల వాపును అనుమానించాలి. ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లో వస్తుంది. మందు ఆపేశాకా రావచ్చు.

ఎక్స్‌రే బాగుందని ఊరుకోకూడదు. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 97 శాతం ఉన్నా, ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడాలి. సీటీలో పొగమంచు కమ్మినట్టు మచ్చలు కనిపిస్తాయి. ఇన్‌ఫెక్షన్‌లోనూ అలాగే ఉంటాయి, అదే అసలు చిక్కు. దీన్ని ఖాయం చేసే పరీక్ష ఒక్కటంటూ లేదు. మిగతావి కాదని తేల్చుకోవాల్సిందే. మన దగ్గర ముందు క్షయ. తెమడను సీబీనాట్‌కు, అంటే క్షయ క్రిమిని గుర్తించే జన్యు పరీక్షకు పంపాలి. తెమడ రాకపోతే బ్రాంకోస్కోపీ (శ్వాసనాళంలోకి సన్నని గొట్టం పంపి చూడటం) చేసి, ఊపిరితిత్తిని కడిగిన ద్రవాన్ని పరీక్షించాలి. క్షయను గుర్తించకుండా స్టెరాయిడ్ ఇస్తే అది విజృంభిస్తుంది. రేడియేషన్ తీసుకున్నవారిలో మచ్చలు రేడియేషన్ తగిలిన చోటికే పరిమితమయ్యాయేమో చూడాలి.

పరిస్థితి తీవ్రంగా ఉంటే మాత్రం ఫలితాల కోసం ఆగకుండా, ఇన్‌ఫెక్షన్ మందులతో పాటే స్టెరాయిడ్ మొదలుపెట్టాలి: ప్రెడ్నిసోలోన్ లెక్కన కిలో బరువుకు రోజుకు 1–2 మి.గ్రా. ఆ మోతాదును క్రమంగా తగ్గించడానికి కనీసం 4–6 వారాలు పట్టాలి. తొందరపడితే తిరగబెడుతుంది.

రోగులకు మా విన్నపం ఒకటే. ఏ ఆసుపత్రికి వెళ్లినా ‘కీమో’ అనకండి, మందు పేరే చెప్పండి. అప్పుడే వైద్యులకు న్యుమోనైటిస్ అనుమానం వస్తుంది.

– ఊపిరితిత్తుల వైద్యులు, హైదరాబాద్